ఖాళీల నిర్మూలన పథకం

"ఇకమీదట మన శాఖలో గాలిని మోసే బండి ఒక్కటంటే ఒక్కటి కూడా కదలదు!"

మంత్రిగారు ఈ మాట అని బల్ల చరిచేసరికి సమావేశ మందిరం చప్పట్లతో మారుమోగిపోయింది. వెనక వరసలో ఏసీ హోరుకి మాట వినపడనివాళ్లు కూడా ముందు వరస చేతుల్ని చూసి తమ వంతు కొట్టేశారు. మంత్రిగారి మాటకి చప్పట్లు పడటం కొత్తేమీ కాదు గానీ, ఈసారి ఆ మాటలో ఆవేదన ఉంది. ఆవేదన ఉన్నచోట లేచి నిలబడి కొట్టాలని పీయే ముందే అందరికీ చెప్పి ఉంచాడు.

సంగతేమిటంటే, క్రితం వారం మంత్రిగారు కారులో వెళుతూ దారిలో ఒక లారీని చూశారు. స్వయానా తమ శాఖ లారీయే. తనిఖీ కోసం వెనక తలుపు తెరిచి ఉంది. లోపల మనిషెత్తు ఇనప పంజరాలు వరసగా బిగించి ఉన్నాయి. ఒక్కో పంజరం నడిమధ్యన ఒక్కటే చిన్న యురేనియం డ్రమ్ము. దాని చుట్టూ నాలుగువైపులా ఖాళీ. మంత్రిగారు వెంటనే కారు ఆపించారు. ఎండగా ఉండటం వల్ల దిగలేదు గానీ, అద్దం కాస్త దించి చాలాసేపు బాధపడ్డారు.

"ప్రజల డీజిలు పోసి ప్రజల గాలినే మోస్తున్నాం" అన్నారు ఇప్పుడు. "ఆ పంజరాలు పీకేసి, డ్రమ్ముకి డ్రమ్ము ఆనించి సర్దితే ఎన్ని పడతాయో ఒక్క ఇంజనీరుకైనా తట్టిందా? మా ఇంట్లో వంటగది అలమర సర్దే ఆవిడకి తట్టింది! రాత్రి చెప్పగానే అందావిడ."

అలా పుట్టింది ఖాళీల నిర్మూలన పథకం. ఆర్డరు అక్కడికక్కడే చదివారు. ప్రభుత్వ వాహనం ఏదైనా సరే, ఒక్క మూల గానీ ఒక్క సీటు గానీ ఖాళీగా పెట్టుకుని కదలరాదు. ఎవరికీ, దేనికీ మినహాయింపు లేదు. ముందుగా ఆ యురేనియం లారీతోనే మొదలు. వచ్చేవారం మైదానంలో బ్రహ్మాండమైన సభ పెట్టి, మంత్రిగారు స్వహస్తాలతో పచ్చజెండా ఊపి లారీని సాగనంపుతారు.

మూడో వరసలో ఒకాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొట్టకూడదని కాదు, చేతులు చల్లబడిపోయి ఒకదానికొకటి దొరకలేదు. ఆయన ఆ శాఖలో సేఫ్టీ ఆఫీసరు. ఆఫీసులో అందరూ ఆయన్ని దూరం సారు అంటారు. రోజంతా "దూరం, దూరం" అని అరవడమే ఆయన ఉద్యోగం మరి. మనిషి లారీకి దూరం, లారీ ఊరికి దూరం, అన్నిటికన్నా ముఖ్యంగా డ్రమ్ము డ్రమ్ముకి దూరం. ఆ అలవాటు ముదిరి క్యాంటీన్‌లో కప్పులు దగ్గరదగ్గరగా ఉన్నా జరిపేస్తుంటాడు. ఇంతకాలం ఆ శాఖలో చెప్పుకోదగ్గ సంఘటన ఒక్కటీ జరగలేదు. అందుకే ఆయన ఏం చేస్తాడో ఎవరికీ తెలీదు.

ఆ లారీని నడిపేది ఆయన సొంత బావమరిది. ఆ ఉద్యోగం వేయించింది కూడా ఈయనే.

మర్నాడు పొద్దున్నే దూరం సారు మంత్రిగారి ఛాంబరు ముందు గదిలో కూర్చున్నాడు. పీయే రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని రాజ్యం నడుపుతున్నాడు.

"కళ్లజోడాయన్ని తూర్పు గెస్ట్‌హౌస్‌లో దింపండి. బొంగురు గొంతాయన్ని పడమటి దాంట్లో. ఆ, మధ్యలో ఊరంతా ఉండాలి. టీ ఇద్దరికీ ఒకే టైముకి ఇవ్వొద్దయ్యా, వరండాలోకొచ్చి కలుసుకుంటారు! కారుకి ఒక్కరే. పక్కన ఒక కానిస్టేబుల్. వాకింగ్‌కి పోతానంటే? పోనీ. కానిస్టేబుల్ కూడా పోతాడు."

దూరం సారు చెవులు నిక్కబొడుచుకున్నాయి. తన వృత్తి మాటలు ఇంకొకరి నోట వినడం ఆయనకి ఇదే మొదటిసారి. ఆనందం పట్టలేక దగ్గరికి వెళ్లాడు.

"ఇదంతా ఎక్కడ చదువుకున్నారండీ?"

"చదువేంటి సార్, అనుభవం" అన్నాడు పీయే గొంతు తగ్గించి. "మా పార్టీలోనే మా సారంటే గిట్టని సభ్యులు పదిమంది ఉన్నారు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కడూ బంగారం. ఎవరికి వాళ్లు కాస్త గొణుక్కుంటారు, ఆ గొణుగుడు గాల్లో కలిసిపోతుంది. అదే ఓ ఆరుగురు ఒక గదిలో కూర్చున్నారనుకోండి, ఒకడి గొణుగుడు ఇంకోడికి తగుల్తుంది, వాడు ఇద్దరికి అంటిస్తాడు. సాయంత్రానికి సారు కుర్చీ ఉండదు."

"మరి మధ్యలో ఆ కానిస్టేబుల్?"

"వాడి ముందు నోరు విప్పరుగా. ఏదన్నా జారినా వాడే మింగేస్తాడు, పక్కవాడిదాకా పోదు."

"అచ్చం అదే పనికి మేం బోరాన్ వాడతామండీ!"

"బోరానా?" పీయే కాసేపు ఆలోచించాడు. "ఏ స్టేషన్లో చేస్తాడు?"

ఇంతలో లోపల్నుంచి గంట మోగింది. ఇద్దరూ వెళ్లారు. మంత్రిగారు సభ కోసం వేసిన ఫ్లెక్సీ నమూనా చూసుకుంటున్నారు. అందులో మంత్రిగారి ముఖం లారీ కంటే రెండింతలు ఉంది. ఇంకా పెంచడానికి వీలుందా అని ఆలోచిస్తున్నారు.

"సార్, ఆ పంజరాల్లో ఉన్నది ఉత్త ఖాళీ కాదు సార్" అని మొదలుపెట్టాడు దూరం సారు.

"మరేం పెట్టారు?"

"ఏమీ పెట్టలేదు సార్. ఖాళీ వదిలాం. అదే భద్రత."

"ఏమీ పెట్టకుండానే భద్రత పెట్టామని చెబుతున్నారా? రేపు ప్రతిపక్షం అడిగితే నేనేం చూపించాలి, గాలి చూపించనా?"

దూరం సారు మళ్లీ ధైర్యం కూడగట్టుకున్నాడు. ప్రతి డ్రమ్ములోంచీ కంటికి కనపడని కణాలు బయటికి వస్తుంటాయనీ, డ్రమ్ములు ఎడంగా ఉంటే అవి ఎటో పోతాయనీ, దగ్గరగా ఉంటే పక్క డ్రమ్ములోని సరుకుకి తగులుతాయనీ, తగిలినచోట రెండో మూడో పుడతాయనీ, అవి మళ్లీ తగులుతాయనీ, ఆ గొలుసు ఒకసారి అందుకుంటే కన్ను మూసి తెరిచేలోపు అంతా అయిపోతుందనీ విడమరిచి చెప్పాడు.

"అందుకుంటే ఏమవుతుంది?"

"నీలంగా ఒక వెలుగు వస్తుంది సార్."

"వెలుగా?" మంత్రిగారు ముందుకి వంగారు. "కరెంటు లేకుండానే?"

"దగ్గర నిలబడి ఆ వెలుగు చూసినవాళ్లు ఎక్కువ రోజులు బతకరు సార్."

"ఎంతసేపూ నెగెటివ్‌గానే చెబుతారేమిటయ్యా మీరు?"

దూరం సారు ఆఖరి ప్రయత్నం చేశాడు. "సార్, మీకు బాగా తెలిసిన ఉదాహరణే చెబుతాను. ఇప్పుడు మన పార్టీలో అసమ్మతి సభ్యులు..."

బల్ల కింద పీయే బూటు ఆయన కాలి మీద పడింది.

"ఏ సభ్యులు?" అన్నారు మంత్రిగారు.

"మన పార్టీలో అసమ్మతి లేదు సార్" అన్నాడు పీయే.

"లేనిదాన్ని పట్టుకొచ్చి ఉన్నదానికి పోలిస్తే ఎవరికి అర్థమవుతుంది? ఇదీ మన సైంటిస్టుల తీరు."

నొప్పి ఓర్చుకుని దూరం సారు కనీసం ఒక్కటి దక్కించుకుందామనుకున్నాడు. "పోనీ సార్, నీళ్లు మాత్రం తగలనివ్వకండి. ఆ కణాలు మామూలుగా మహా వేగంగా పోతాయి, పక్కదాన్ని పట్టించుకోకుండా చాలావరకు దూసుకుపోతాయి. నీళ్లు అడ్డొస్తే నెమ్మదిస్తాయి. నెమ్మదిగా పోయేదే పక్కదానికి అంటుకుంటుంది. డ్రమ్ములు ఆనించి సర్దిన లారీ మీద నీళ్లు పడ్డాయో..."

"నీళ్లంటే గుర్తొచ్చింది!" మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. "జెండా ఊపగానే రెండు ఫైరింజన్లు అటొకటి ఇటొకటి నిలబెట్టి లారీ మీద నీళ్లు చిమ్మించాలి. విమానాలకి చేస్తారే, ఆ మర్యాద. లారీకి ఎవరూ చేసి ఉండరు. పైన టార్పాలిన్ తీసేయండి, ఎక్కడా ఖాళీ లేదని జనం కళ్లారా చూడాలి."

పీయే రాసుకున్నాడు. దూరం సారు గోడ పట్టుకున్నాడు.

"నేను మాత్రం ఆ లారీకి సేఫ్టీ సంతకం పెట్టలేను సార్" అన్నాడు చివరికి.

మంత్రిగారు నొచ్చుకోలేదు. విమర్శని గౌరవించే మనిషి. సంతకానికి స్టోర్స్ గుమాస్తా ఉన్నాడు. ఒకసారి డాక్టరు సెలవులో ఉంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల మీద కూడా అతనే పెట్టాడు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇక దూరం సారుని తీసేస్తే పత్రికలవాళ్లు గోల చేస్తారు. అందుకని అభ్యంతరం చెప్పినవాడికే అమలు బాధ్యత అప్పగించాలని మంత్రిగారు సెలవిచ్చారు. ఆ క్షణం నుంచి దూరం సారు ఖాళీల నిర్మూలన పథకం నోడల్ ఆఫీసరు. ప్రభుత్వ వాహనం ఏది కదలాలన్నా సీట్లు నిండాయని ఆయనే ధ్రువీకరించాలి.

"అభినందనలు" అన్నాడు పీయే, తలుపు దాకా వచ్చి. "కాలికి ఐసు పెట్టండి."

ఇంటికి వెళ్లేసరికి బావమరిది హాల్లో కూర్చుని మహా హుషారుగా ఉన్నాడు.

"బావా, మా లారీకి దశ తిరిగింది! కేబిన్ వెనక ఆ సీసం గోడ ఉండేది చూశావా, ఏనుగంత బరువు, పీకేశారు. బరువు తగ్గితే డీజిలు ఆదా అంట. ఇప్పుడు సీటు వెనక్కి వాల్చుకోవచ్చు. ఇన్నాళ్లూ నడుం పట్టేసేది."

దూరం సారు కుర్చీలో కూలబడ్డాడు. ఆ గోడ డ్రమ్ముల ఘాటు డ్రైవరు వీపుకి తగలకుండా ఆయనే దగ్గరుండి పెట్టించింది.

"ఆ గోడ ఏం చేశారు?"

"మైదానానికి పట్టుకెళ్లారు. వేదిక మీద నిలబెడతారంట, ఫ్లెక్సీ కట్టడానికి. అదేంటో వేదికకీ లారీకీ మధ్యలో పెట్టమన్నాడు పీయే. జెండా చెయ్యి బయటికి రావాలని దానికో కన్నం కూడా చేయిస్తున్నారు."

పీయేకి బోరాన్ ఎవరో తెలీకపోయినా సీసం ఏమిటో బాగానే తెలుసని దూరం సారుకి అప్పుడర్థమైంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది. కోపం వస్తే కేకలు వేసే మనిషి కాదు, లేచి వెళ్లి అలమరలో గ్లాసులన్నీ ఎడంగా జరిపి వచ్చాడు.

భార్య అది చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఇంట్లో గ్లాసులు జరపడం ఇంతకుముందు రెండే సార్లు చూసింది, రెండుసార్లూ మంచివార్త కాదు. తమ్ముడు చేతులు కడుక్కోవడానికి లేవగానే దగ్గరికొచ్చింది.

"ఏమండీ, వాడికేం కాదుగా?"

ఆయన పక్క కుర్చీని కూడా కాస్త ఎడంగా జరిపాడు.

"పోర్టులో క్రేను మీద హాయిగా ఉన్నవాణ్ణి మీరే తీసుకొచ్చి ఈ బండెక్కించారు. మా బావ ఉన్నాడు, ఏం కానివ్వడని వాడి ధీమా. వాడికేమన్నా అయితే నేను మీ మొహం చూడను. ముందే చెబుతున్నా."

"మానెయ్యమని చెప్పు వాడికి."

"చెప్పలేదనుకున్నారా? బావ డ్యూటీలో ఉండగా నేనెలా మానేస్తానే అక్కా, పరువు పోదూ అన్నాడు!"

ఆ మాటకి ఆయన కళ్లు చెమర్చాయి. భార్యకి కనపడకుండా అద్దాలు తుడుచుకున్నాడు.

సభ రోజు రానే వచ్చింది. మైదానం మధ్యలో టార్పాలిన్ లేని లారీ, డ్రమ్ముకి డ్రమ్ము ఆనించిన సర్దుబాటు. పొద్దున సర్దుతున్నంతసేపూ దూరం సారు రేడియేషన్ మీటరు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఒక్కో డ్రమ్ము ఎక్కుతుంటే మీటరు టిక్కుటిక్కుమనడం ఎక్కువైంది. కాసేపటికి టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడమే లేకుండా పోయింది. అప్పుడాయన చెయ్యెత్తి, ఇంకొక్కటి ఎక్కినా ఫ్లెక్సీ కనపడదని చెప్పాడు. వెంటనే ఆపేశారు. అంతవరకు నయమే గానీ, లారీకి చెరోపక్కా ఫైరింజన్లు పైపులు విప్పుకుని తయారుగా ఉన్నాయి. జెండా ఊగితే నీళ్లు పడతాయి. నీళ్లు పడితే ఏమవుతుందో ఆ మైదానంలో ఆయన ఒక్కడికే తెలుసు. బావమరిది కేబిన్‌లో సీటు వెనక్కి వాల్చుకుని ఈయన వైపు చెయ్యి ఊపాడు.

పంజరాలన్నీ ఓ మూల పోగేసి ఉన్నాయి. మంత్రిగారు ఇంకా రాలేదు. వేదిక మీద సీసం గోడ, దాని మీద మంత్రిగారి ముఖం, ముఖం పక్కన జెండా కన్నం.

అప్పుడు వాహనాల షెడ్డు సూపర్‌వైజరు ఆయాసపడుతూ వచ్చాడు.

"సార్, ఒక చిక్కొచ్చింది. పార్టీ అంతా ఒక్కటేనని కెమెరాల ముందు చూపించాలంట, ఆ పదిమంది సభ్యుల్ని కూడా తీసుకు రమ్మన్నారు. పది కార్లు. కారుకి ఒక సభ్యుడు, ఒక కానిస్టేబుల్. వెనక సీటు సగం ఖాళీ. ముందు డ్రైవరు పక్క సీటు మొత్తం ఖాళీ. ఆర్డరు ప్రకారం మీరు సరే అంటే గానీ కదపలేను."

"పీయేగారు ఏమన్నారు?"

"రెండు ఫోన్లూ బిజీ సార్."

దూరం సారు ఆర్డరు కాపీ జేబులోంచి తీసి చదివాడు. ఎవరికీ, దేనికీ మినహాయింపు లేదు. ఇంకోసారి చదివాడు. సభ్యుల గురించి ఎక్కడా లేదు. ఆయన ప్రభుత్వోద్యోగి. ఆర్డరుని ధిక్కరించే ధైర్యం ఆయనకి పుట్టుకతోనే లేదు.

"పదిమందికి సరిపోయే మినీబస్సు ఉందా?"

"సరిగ్గా పది సీట్లది ఉంది సార్. కానీ కానిస్టేబుళ్లకి చోటుండదు."

"వాళ్లకోసం ఇంకో బస్సు పెడితే?"

"మిగిలింది నలభై సీట్ల బస్సు సార్, ముప్పావు ఖాళీగా వస్తుంది."

"తప్పుకదా" అన్నాడు దూరం సారు విచారంగా. "వాళ్లని నడిచి రమ్మను. ఆరోగ్యానికి మంచిది."

సూపర్‌వైజరు వెళ్లబోతుంటే మళ్లీ పిలిచాడు.

"బస్సుని నిదానంగా రమ్మను. గతుకుల దగ్గర మరీ నిదానంగా. లోపల ఒక పెద్ద ఫ్లాస్కు నిండా టీ పెట్టించు."

"నిదానంగా ఎందుకు సార్?"

"వేగంగా పోతే ఒకళ్ల మాట ఇంకొకళ్లకి అంటుకోదు."

సూపర్‌వైజరుకి ఏమీ అర్థం కాలేదు గానీ, టీ విషయం నచ్చింది.

మంత్రిగారు వచ్చారు. మంత్రిగారు మాట్లాడారు. ఖాళీ అంటే ఏమిటి, ఖాళీ దేశానికి ఎలా శత్రువు, తమ చిన్నప్పుడు తమ జేబులు ఎంత ఖాళీగా ఉండేవి, ఇప్పుడెలా లేవు అన్న విషయాలు వివరంగా చెప్పారు. జనం పులకించారు. మాట్లాడటం అయిపోయింది. సభ్యులు మాత్రం రాలేదు. కెమెరాల ముందు వాళ్లతో చేతులు కలిపి మరీ జెండా ఊపాలి కనక మంత్రిగారు మళ్లీ మొదట్నుంచి మాట్లాడారు. పీయే గడియారం చూసుకుంటూ సూపర్‌వైజర్ని పట్టుకున్నాడు.

"కార్లేవయ్యా?"

"కార్లెక్కడివి సార్? అందర్నీ ఒక్క బస్సులోనే ఎక్కించాం. ఒక్క సీటు ఖాళీ లేదు!"

పీయే ముఖంలో నెత్తురుచుక్క లేదు. "కానిస్టేబుళ్లు?"

"నడిచొస్తున్నారు సార్."

పీయే ఒక ఫోను కింద పడేసి ఇంకో ఫోను చెవికి ఆనించాడు. సభ్యుల్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం, ఆ పదిమందీ అప్పటికే తమ ఫోన్లలో ప్రభుత్వాధినేతతో మాట్లాడుతుండటమే. మొదటి కప్పు టీ దగ్గర బొంగురు గొంతాయన కళ్లజోడాయనకి తన గోడు చెప్పుకున్నాడట. రెండో కప్పు దగ్గర ఇద్దరూ చెరి ఇద్దరికి చెప్పారట. మార్కెట్టు గతుకుల దగ్గరికి వచ్చేసరికి ఫ్లాస్కు ఖాళీ అయింది, పదిమందీ ఒక్కటయ్యారు. మైదానం మలుపు తిరిగేలోపు అధినేత దిగొచ్చి, ఆ శాఖని తమలో ఎవరికి ఇవ్వమంటారో తేల్చుకోమన్నాడు. బస్సు డ్రైవరు తర్వాత చెప్పిన మాట ఇది. తాను నిదానంగానే నడిపానని కూడా చెప్పాడు.

బస్సు వేదిక పక్కన ఆగింది. పదిమందీ భుజాల మీద చేతులేసుకుని నవ్వుకుంటూ దిగారు. పీయే చెవిలో ఫోను మోగింది. రెండు ముక్కలు విన్నాడు. "చిత్తం" అన్నాడు. తర్వాత మెట్లెక్కి వెళ్లి, మూడోసారి తమ చిన్నతనం దగ్గరికొచ్చిన మంత్రిగారి చేతిలోంచి పచ్చజెండా సుతారంగా తీసుకుని, కళ్లజోడాయన చేతిలో పెట్టాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో మార్కరు పెన్ను పట్టుకుని నిచ్చెనెక్కి ఫ్లెక్సీ మీది ముఖానికి కళ్లజోడు గీశారు. మాజీ మంత్రిగారు దిగి తమ కారు కోసం చూశారు. అందులో సీట్లు ఖాళీగా ఉన్నందున అది కదలదని డ్రైవరు వినయంగా మనవి చేశాడు.

దూరం సారు గుండె తేలికపడింది. పరుగున వేదిక దగ్గరికి వెళ్లాడు. కొత్త మంత్రిగారే ఆయన్ని చూసి పక్కకి పిలిచారు.

"మమ్మల్నందర్నీ ఒకే బస్సెక్కించింది మీరేనా?"

"ఆర్డరు ప్రకారం సార్."

"చాలా గొప్ప ఆలోచన. ఇంకెప్పుడూ ఎవరికీ రానివ్వకండి. రేపట్నుంచి ఈ తొమ్మిది మందినీ తొమ్మిది కార్లలో తిప్పండి. మధ్యలో కానిస్టేబుళ్లు ఉండాలి."

"అలాగే సార్. అదే చేత్తో ఆ డ్రమ్ములు కూడా..." దూరం సారు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "అవి కూడా అంతే సార్, అచ్చం మీలాగే. ఆనించకూడదు. పంజరాలు ఇక్కడే ఉన్నాయి, ఒక్క గంటలో మళ్లీ ఎక్కించేస్తాం. ఫైరింజన్లు పంపించెయ్యండి సార్."

కొత్త మంత్రిగారు లారీ వైపు చూశారు, కెమెరాల వైపు చూశారు, తమ ముఖం కాని తమ ముఖం వైపు చూశారు.

"డ్రమ్ములకి ఓటుందా?"

"లేదు సార్."

"మరింకేం? పోనివ్వండి."

ఇలా అని మైకు అందుకున్నారు. పాత మంత్రి పథకాన్ని నీరుగార్చాడనీ, తాము మాత్రం తు.చ. తప్పకుండా అమలు చేస్తామనీ, ఈ రోజు, ఈ క్షణం, ఈ మైదానంలో ఒక్క ప్రభుత్వ వాహనం కూడా ఒక్క సీటు ఖాళీగా పెట్టుకుని కదలబోదనీ ప్రకటించారు. ఈ లారీ తల్లి ఒడి అంత భద్రమైనదని, ఎవరికి అనుమానముంటే వాళ్లు వచ్చి తమ కళ్లలోకి చూడవచ్చని కూడా అన్నారు. తర్వాత సీసం గోడ వెనక్కి వెళ్లి నిలబడ్డారు. కన్నంలోంచి చెయ్యి, చేతిలో పచ్చజెండా బయటికి వచ్చాయి. ఫైరింజన్లవాళ్లు పైపులు ఎత్తి పట్టుకున్నారు. బావమరిది లారీ స్టార్టు చేశాడు.

దూరం సారు మైకు దగ్గరికి నడిచాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన మైకు ముట్టుకుని ఎరగడు. ఇప్పుడు ముట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు. తన గొంతు మైదానమంతా వినపడేసరికి తనే ఉలిక్కిపడ్డాడు. "నోడల్ ఆఫీసరుగా మనవి చేసుకుంటున్నాను. లారీలో డ్రైవరు పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది. మంత్రిగారు ఇప్పుడే చెప్పిన ప్రకారం ఆ సీటు నిండితే గానీ లారీ కదలడానికి వీల్లేదు. తొలి ప్రయాణం కనక ఆ గౌరవం మంత్రిగారికే దక్కాలి."

ఇంతకంటే గొప్ప మాట ఆ సభలో ఎవరూ అనలేదు. జనం ఈలలు వేశారు. కెమెరాలన్నీ లారీ వైపు తిరిగాయి. సభ్యులు తొమ్మిది మందీ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. బావమరిది పొంగిపోయి, కేబిన్ రెండో తలుపు తెరిచి, భుజం మీది తువ్వాలుతో ఆ సీటు శుభ్రంగా దులిపి, వెనక గోడ లేదు కనక హాయిగా వాలేలా సర్దిపెట్టాడు.

"రండి సార్, రండి!" అన్నాడు చేతులు జోడించి.

కన్నంలో జెండా చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా లోపలికి వెళ్లింది. దాని స్థానంలో ఒక కళ్లజోడు కనపడింది. అది లారీని చూసింది, ఆనించి సర్దిన డ్రమ్ముల్ని చూసింది, దులిపిన సీటుని చూసింది. చివరికి దూరం సారుని వెతికి పట్టుకుంది.

"ఇందాక ఏదో అన్నారు" అంది ఆ కన్నం, మైకుకి అందనంత చిన్న గొంతుతో. "ఆ డ్రమ్ముకీ డ్రమ్ముకీ మధ్య... ఎంత ఖాళీ ఉండాలంటారు?"